ఉపదేశి కోటు

సూర్యాపేట,
1949 ఫిబ్రవరి 6.

ప్రియమైన మరదలు శాంతకుమారికి వదినె సుందరమ్మ దీవెనలు.

పట్నం నుంచి వచ్చినప్పటి నుంచి నీకు ఏమీ రాయకూడదనే అనుకున్నాను. ప్రార్థనలో పెట్టాను. మోకాళ్ళు నొప్పి పుట్టాయి గాని మనసు కుదుటపడలేదు. నిన్న మీ కోదాడ సంఘపెద్ద మత్తయ్య గారి ఉత్తరం వచ్చింది. ఉపదేశిగా ఊళ్ళు తిరిగి వాక్యం చెప్పిన మా తమ్ముడు ఏసుపాదం సమాధి మీద ఈస్టరు నాటికి రాయి నిలబెడుతున్నారట. దాని మీద ఏ వచనం చెక్కించాలో తోబుట్టువుగా నేను ఎంచి పంపాలట. మంద కోసం ప్రాణం పెట్టిన కాపరి వచనం ఆయనకు తోచిందట. అది చదివాక కలం తియ్యక తప్పలేదు.

కూర్చుని చదువు. పక్కన ఎవరూ లేకుండా చూసుకో.

నీ మొగుడు చావలేదు.

స్త్రీల సమాజం మహాసభకు మేము సికింద్రాబాదు వెళ్ళిన సంగతి నీకు తెలుసు. సభ ముగిసిన మర్నాడు పాత పట్నం నడిచి చూడాలని మావాళ్ళకు కోరిక పుట్టింది. మద్రాసు నుంచి వచ్చిన ఒకావిడ, "పట్నం తిప్పి చూపించే పాల్ రాజు గారని ఉన్నారు, ఆయన వెంట నడిస్తే రాళ్ళు మాట్లాడతాయి" అంది. రాళ్ళు నిజంగా మాట్లాడగలిగితే మొదట ఆయన నోరు మూయించేవి.

నయాపూల్ దాటగానే ఆ గొప్ప మనిషి ఎదురయ్యాడు. తెల్లటోపీ, సన్నబెత్తం, మెలితిప్పిన మీసం. నేను గొడుగు వేసుకుని అందరికంటే వెనక నడుస్తున్నాను. గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది గాని, ఆ తెలుగు కృష్ణ ఆవలి తెలుగు. "విచ్చేయండి, అవలోకించండి" అంటున్నాడు. పత్తర్‌గట్టి కమానుల కింద అత్తరు దుకాణాల ముందు ఆగి, "ఈ కమానులకు కొలతలిచ్చింది మా ముత్తాతగారే" అంటూ ఎడమ చెవి తమ్మె పట్టుకుని లాక్కున్నాడు.

నా కాళ్ళు ఆగిపోయాయి. చిన్నప్పుడు అబద్ధం ఆడబోయే ముందు ఆ చెవి అలా లాక్కునేవాడు ఒక్కడే. మా అమ్మ అది చూసి, మాట రాకముందే దెబ్బ వేసేది.

మా ముత్తాత త్రిపురారం దగ్గర గొర్రెలు కాశాడు. కొలిచి ఉంటే గొర్రెల తోకలు కొలిచి ఉంటాడు. ఆ కమానులేమో మన కాలంలోనే లేచాయని అత్తరు దుకాణాయన నాతో అన్నాడు.

గొడుగు ముందుకు వంచుకుని వెంట నడిచాను. నాలుగు కమానుల నడుమ ఉన్న నీళ్ళతొట్టి దగ్గర ఒకసారి, చార్మినార్ కింద రెండుసార్లు చెవి లాక్కున్నాడు. మీనార్ల నీడలో టోపీ తీసి నుదుటి మచ్చ చూపించాడు. రజాకార్ల రోజుల్లో పసిపిల్లలను కాపాడబోతే తగిలిన కత్తిగాటట. మద్రాసావిడ కళ్ళు తుడుచుకుంది. ఆ మచ్చ నాకు తెలుసు. పక్కింటి దొడ్లో సీతాఫలాలు దొంగిలిస్తూ గోడ మీంచి పడితే తగిలింది. పసుపు అద్దింది నేనే.

లాడ్‌బజార్‌లో బొగ్గుల కుంపటి మీద లక్క కరిగించి గాజులు చేసే ముసలాయన తల ఎత్తి, "ఏం రాజు సాబ్, ఇయ్యాల కత్తి ఎవరిది? నిన్న పఠాన్‌ది అంటివి గద!" అన్నాడు. మావాళ్ళకు అది గాజుల బేరంలాగే వినిపించింది.

మక్కా మసీదు మెట్ల దగ్గర అందరూ పావురాలకు గింజలు వేస్తుంటే వాడు ఓ పక్కన నిలబడి చాయ తాగుతున్నాడు. దగ్గరికి వెళ్ళి "ఏసుపాదం" అన్నాను, మెల్లగానే. చాయ మీసం మీద ఒలికింది.

"అక్కా! జర మెల్లగ. వాళ్ళు వింటరు."

విచ్చేయండి, అవలోకించండి ఎటు పోయాయో! "కోదాడల నీకు సమాధి కట్టిన్రురా" అన్నాను.

"నిజమా? మస్తు మంది వచ్చిన్రా?"

"రాయి గూడ నిలబెడుతున్రు."

వాడి మొహం వెలిగిపోయింది. "ఏ వచనం చెక్కిస్తున్రక్కా?"

శాంతా, నువ్వు తింటున్నావా, ఎక్కడ తల దాచుకున్నావు అని అడగలేదు. అడుగుతాడని చాయ చల్లారేదాకా నిలబడ్డాను. ప్రభువు వాణ్ణి క్షమిస్తాడు, అది ఆయన పని. నాకు కాస్త వ్యవధి కావాలి.

మత్తయ్య గారికి ఏమని రాయమంటావు?

నీ వదినె
సుందరమ్మ

---

కోదాడ,
ఫిబ్రవరి 19.

పూజ్యులైన వదినె గారికి శాంతకుమారి వందనాలు.

మీ ఉత్తరం పొయ్యిలో పెట్టబోయి ఆగాను. కాలిస్తే ఆయన మళ్ళీ చస్తాడా ఏమిటి?

చచ్చిపోయాడన్నప్పుడు ఏడ్చాను. బతికి ఉన్నాడని చదివి ఇంకా ఎక్కువ ఏడ్చాను. ఇది పాపమైతే మీరే నా కోసం ప్రార్థించండి.

మీకు తెలియనిది లేదు. ఈ గది, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించే ఈ పని, సంఘం నాకు ఇచ్చింది ఆయన విధవనని. హతసాక్షి భార్య, ప్రభువు కోసం ప్రాణం పెట్టినవాడి భార్య అంటారు నన్ను. ఆయన ఉన్నాడని తెలిస్తే మత్తయ్య గారు అనే మొదటి మాట, "నీ పెనిమిటి కాడికి పో బిడ్డా" అని. పెళ్ళయిన నాటి నుంచి ఆ చెవి లాక్కోవడం నేనూ చూశాను వదినె. అన్నం ముందర పెట్టుకుని, కూలీల ముందర నిలబడి, పడక మీద పడుకుని లాక్కున్నాడు. ఈ కొద్ది నెలలే నేను నిమ్మళంగా ముద్ద మింగింది. నేను ఆయన దగ్గరికి పోను. పొమ్మంటే బావి చూసుకుంటాను అనను, అది ప్రభువుకు ఇష్టం లేదు. కానీ పోను.

ఇంకొక మాట. నేను ప్రతి ఆదివారం పూలు పెడుతున్న ఆ మట్టిలో ఎవరున్నారు?

పోయిన వానకాలంలో రజాకార్ల తుపాకుల మూక ఊరి మీద పడ్డప్పుడు ఆడవాళ్ళమందరం సరిహద్దు దాటి జగ్గయ్యపేట వైపు శిబిరంలో ఉన్నాం. వాగు తగ్గాక శవం దొరికిందనీ, మొహం ఆనవాలు లేదనీ, కోటు చూసి గుర్తుపట్టి పూడ్చామనీ మత్తయ్య గారు వచ్చి చెప్పారు. ఆ కోటు మీకు గుర్తుండే ఉంటుంది. సీమ నుంచి దొరలు పంపిన క్రిస్మసు పెట్టెలో వచ్చిన గోధుమరంగు కోటు. ఈ చుట్టుపట్ల అలాంటిది ఇంకొకటి లేదు, అందరూ ఉపదేశి కోటు అనేవాళ్ళు. ఊడిన కొమ్ము గుండీని నేనే నీలం దారంతో కుట్టాను. మత్తయ్య గారు దారంతో సహా ఆ గుండీని తెచ్చి నా చేతిలో పెట్టారు.

మీరు అడగకుండా వచ్చే మనిషి కాదు. అంత పెద్ద ఉత్తరంలో కోటు మాటే లేదు. ఎందుకు దాచారు?

శాంతకుమారి

---

మిర్యాలగూడ,
మార్చి 8.

ప్రియమైన శాంతకు,

దాచాను. ఒక్క ఉత్తరంలో రెండు దెబ్బలు ఎందుకని.

ఇక్కడ స్త్రీల కూడికలకు వచ్చాను. నిన్న ఒకామె లేచి ఏసుపాదంలాంటి సాక్షిని మన జిల్లాకు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రాలు చెల్లించింది. అందరూ ఆమెన్ అన్నారు. నేను దగ్గాను.

అడిగాను శాంతా. పావురాల దగ్గర మావాళ్ళను వదిలేసి వాణ్ణి శాలిబండ ఎత్తు మీదికి నడిపించాను. నాకు మోకాళ్ళ నొప్పి, వాడికి పరువు నొప్పి. ప్రతి దుకాణం వాడూ "సలాం రాజు సాబ్" అంటుంటే టోపీ ముట్టుకుంటూ, నాకు మాత్రం నేల చూపులు చూస్తూ చెప్పాడు.

నీకు ఫకీరా గుర్తున్నాడు గదా. అనంతగిరి దిక్కు తండా మనిషి, వీడు ఊళ్ళు తిరుగుతుంటే వీడి పెట్టె మోసినవాడు. ఆ తెల్లవారుజామున ముసురు పడుతోందట. వీళ్ళిద్దరూ జొన్నచేలల్లో పడి పరుగెత్తారు. మూక వెతుకుతున్నది కోటు తొడుక్కునే ఉపదేశి కోసమని వీడికి అప్పటికే తెలుసు. ఫకీరాకు తెలియదు. ఫకీరాకు జ్వరం, వణుకుతున్నాడు. వీడు కోటు విప్పి అతనికి తొడిగాడు. అతని గొంగళి తీసుకుని తాను కప్పుకున్నాడు. "నువ్వు వాగు దిక్కు పో, నేను గుట్ట దిక్కు పోత" అన్నాడు.

"సలికి వణుకుతుంటే సూడలేకపోయిన్నక్కా. కనికరమాయె" అన్నాడు నాతో. కనికరం అనేటప్పుడు చెవి లాక్కున్నాడు.

"ఆడు ఏమన్నడురా?" అని అడిగాను.

"గింత మంచి కోటు నాకా ఉపదేశయ్యా, రేపు తిరిగిస్త అన్నడు."

ఇది చెప్పినప్పుడు వాడి చేతులు రెండూ కిందనే ఉన్నాయి. అందుకే నమ్మాను.

నేను చాలామంది పాపుల గురించి చదివాను, చాలామందికి పాఠాలు చెప్పాను. ఇంత చవక మనిషిని ఎక్కడా చూడలేదు. పిరికితనాన్ని సహించగలను, అది దేవుడు మనలో చాలామందికి పెట్టాడు. పిరికితనానికి కనికరం అని పేరు పెట్టి, దానికి టోపీ తొడిగి, ఊరంతా నడిపించి చూపించేవాణ్ణి ఏం చేసుకోవాలి?

ఇప్పుడు ఫకీరా పెండ్లాం బుజ్జి సంగతి ఆలోచించు. ఆనాటి నుంచి ఫకీరా కనిపించలేదు కనుక, మూకకు దారి చూపింది వాడేననీ, దోచిన సొమ్ముతో పారిపోయాడనీ మీ ఊళ్ళో అంటున్నారని నువ్వే నాకు రాశావు. ఆమెను నాట్లకు పిలవరనీ, దొంగ పెండ్లాం అంటారనీ రాశావు. నీళ్ళకు వస్తే మన సంఘం ఆడవాళ్ళే బిందెలు పక్కకు జరుపుకుంటారనీ రాశావు.

నేను నోరు విప్పితే నీ గది పోతుంది. విప్పకపోతే బుజ్జి మొగుడు దొంగగానే ఉండిపోతాడు. గది నీది కాబట్టి నువ్వే తేల్చుకో. నువ్వు ఏది తేల్చినా నీ వెనక నేనున్నాను. మత్తయ్య గారికి మాత్రం, నాకు ఏ వచనమూ తోచడం లేదని రాశాను.

సుందరమ్మ

---

కోదాడ,
ఏప్రిల్ 20.

వదినె గారికి వందనాలు.

తేల్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. గది ఊడ్చిన ప్రతిసారీ ఇంకొక్క రోజు అనుకున్నాను. ఈస్టరుకు ముందు వచ్చే మట్టలాదివారం తర్వాత తండాకు పోయాను.

బుజ్జి గుడిసె ముందర కూర్చుని అద్దాల రవికె కుడుతోంది. ఫకీరా తమ్ముడు హర్యా కట్టెలు కొడుతున్నాడు. నన్ను చూసి బుజ్జి లేవలేదు. "ఏందమ్మా, ఇయ్యాల మా దిక్కు దారి తప్పినవ్? మా నీడ వడితె మైల గాదా?" అంది. నేను చెప్పాను. మీరు రాసినదంతా చెప్పాను, కోటు, గొంగళి, రేపు తిరిగిస్త అన్న మాట.

ఆమె సూదిని రవికెకు గుచ్చి, "అయితె నువ్వు పూలు వెట్టింది మా ఫకీరాకేనా?" అంది.

"అవును."

"అన్ని ఆదివారాలా?"

"అన్ని ఆదివారాలు."

"మస్తు పూలు వెట్టినవ్" అని, అప్పుడు ఏడ్చింది.

మేము కాలుస్తాము, మీరు పూడ్చారు అన్నాడు హర్యా. తీసి మీ పద్ధతి చేసుకుంటారా అని నేను అడిగితే బుజ్జి వద్దంది. "గిన్ని పూలు వెట్టిన కాడి నుంచి ఎందుకు లేపుతం?"

మత్తయ్య గారి దగ్గరికి పోయాను. ఆయన మీ జవాబు కోసం చూడకుండా రాయి చెక్కించేశారు. అంతా విని గడ్డం గోక్కున్నారు.

"బిడ్డా, పొరుగూళ్ళ సంఘాలను పిలిచినం. రాయి నున్నగ గూడ చేయించినం. ఇప్పుడు గిది బయటవెడితె పరువేం గావాలె?"

"మనిషి బతికున్నాడండీ."

"బతికుంటే బతకనీ. గాడ బతుకుతుండు, గీడ సచ్చిండు. ఎవలకూ ఇబ్బంది లేదు గద."

ఆయన ప్రార్థన చేద్దాం అంటే కళ్ళు మూసుకున్నాను గాని వినలేదు.

ఈస్టరు పొద్దున అందరూ కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దొడ్డికి వచ్చారు. రాయి మీద గుడ్డ కప్పి ఉంది. బుజ్జీ హర్యా గోడ అవతల నిలబడ్డారు. నేను ముందుకు పోయి గట్టిగా అన్నాను. "ఇందులో ఉన్నది ఫకీరా. తుపాకులోళ్ళను తెచ్చింది అతను కాదు. ఉపదేశి కోటు తొడుక్కుని ఉపదేశి చావు చచ్చిపోయాడు. ఉపదేశి పట్నంలో టోపీ పెట్టుకుని తిరుగుతున్నాడు." తర్వాత పోయి బుజ్జి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. ఆమె తండా పద్ధతి ప్రకారం మట్టి మీద నిప్పులు పెట్టి నెయ్యీ బెల్లం వేసింది. మొన్నటిదాకా బిందెలు జరుపుకున్న ఆడవాళ్ళు ఆ పొగలో నిలబడి ఎటు చూడాలో తెలియక కొవ్వొత్తుల వంక చూశారు. నాకు వాళ్ళ మీద జాలి కలగలేదు.

మీరు అనుకున్నట్టే అయింది. పెద్దలు కూర్చుని, గది విధవకు ఇచ్చింది గనుక ఖాళీ చేసి పెనిమిటి దగ్గరికి పొమ్మన్నారు. నేను సరే అన్నాను. "ఆయన వచ్చి తీసుకుపోవాలి. ఫకీరా సమాధి కాడ నిలబడి, బుజ్జి ముందర నన్ను పేరు పెట్టి పిలవాలి. ఆ రోజే పెట్టె సర్దుతా. అందాక ఇక్కడే ఆయన రాక కోసం కనిపెట్టుకుని ఉంటా" అన్నాను. కనిపెట్టుకునే భార్యను వెళ్ళగొట్టడానికి ఎవరికి నోరు వస్తుంది? తలలు ఊపారు. బుజ్జిని మాత్రం నిన్న వరికోతకు పిలిచారు, పిలిచింది మత్తయ్య గారి కోడలే.

కానీ నా భయం అదే వదినె. నలుగురు చూస్తారంటే, పొగుడుతారంటే ఆయన రావచ్చు. పశ్చాత్తాపపడినట్టు ఆ సమాధి మీద పడి ఏడ్చి అందరిచేతా శభాష్ అనిపించుకోగలడు. వస్తే నేను మాట తప్పలేను. హర్యా కూడా ఆయన రాక కోసం చూస్తున్నాడు. "నాకు కోపం లేదమ్మా. మా అన్న ఆఖరిగ ఏమన్నడో గాయన నోట ఒక్కపారి వినాలె" అంటాడు.

శాంతకుమారి

---

సూర్యాపేట,
మే 14.

ప్రియమైన శాంతకు,

మళ్ళీ పట్నం పోయాను. ఈసారి స్త్రీల సమాజం లేదు, గొడుగు వంచుకోవడమూ లేదు.

పొద్దుననే పత్తర్‌గట్టి నుంచి నడక మొదలుపెట్టాను. వాడు నన్ను ముందే చూసి, తన గుంపును చేపల బొమ్మ ఉన్న కమాను కింద నుంచి సందులోకి మళ్ళించాడు. పాత పట్నం సందులు వాడి మాటల్లాంటివే, ఎటు పోయినా మళ్ళీ మొదటికే వస్తాయి. నేను తొందరపడలేదు. లాడ్‌బజార్ మొగలో గాజుల ముసలాయన నన్ను గుర్తుపట్టి స్టూలు వేశాడు. "గీడ కూసో అమ్మా. చార్మినార్ కాడికి రాకుంట ఆయన కత ఖతం గాదు" అన్నాడు.

అలాగే వచ్చాడు. వచ్చి ఏం చేశాడో తెలుసా? సంచిలోంచి ఒక గొంగళి తీసి జనానికి చూపించాడు. తాను మారువేషంలో శత్రువుల మధ్య నుంచి నడిచిపోయినప్పుడు కప్పుకున్నదట. అంచు దగ్గర ఎర్రదారం అతుకు ఉంది, తండా కుట్టు. బుజ్జి కుట్టిందే అయి ఉంటుంది.

నేను లేచి పోయి దాన్ని వాడి చేతిలోంచి లాక్కుని మడత పెట్టాను.

ఒక పెద్దమనిషి, "అమ్మా, అది చారిత్రక వస్తువు" అన్నాడు.

"చరిత్ర నాకు తెలుసు నాయనా" అన్నాను.

"తీస్కపో అమ్మా, రోజూ దాంతోటి సస్తున్నం" అని వెనక నుంచి గాజుల ముసలాయన అరిచాడు.

వాడు నన్ను ఓ పక్కకు తీసుకుపోయి, "అక్కా, నేనే కోదాడ వద్దామనుకుంటున్న. అందరి ముందర క్షమాపణ అడుగుత. సంఘం కూడుతది గద?" అన్నాడు. కళ్ళలో అప్పుడే జనం కనిపిస్తున్నారు. నీ భయం ఉత్తది కాదు శాంతా.

"రా" అన్నాను. "ఫకీరా తమ్ముడు హర్యా నీ కోసమే కనిపెట్టుకొని ఉన్నడు. కట్టెలు కొట్టుకుంట, నువ్వు ఎప్పుడొస్తవా అని అడుగుతుండు."

వాడు టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. "ఎందుకు" అని అడగలేదు. ఒక్క మాట అడిగి ఉంటే ఎందుకో చెప్పేదాన్ని, అణాపైసలతో సహా నిజం చెప్పేదాన్ని. నేను అబద్ధం ఆడలేదు. కానీ వాడు అడగకుండా ఉండాలని, అక్కడ నిలబడి, మనసులో ప్రార్థించాను. అది ఏ రకం ప్రార్థనో ప్రభువే చూసుకోవాలి.

"ఎండలు తగ్గినంక వస్త" అన్నాడు. ఎండలు తగ్గాక వానలంటాడు, వానలు తగ్గాక చలి అంటాడు. నువ్వు నిమ్మళంగా ముద్ద మింగు.

పోతుంటే వెనక నుంచి పిలిచి, రాయి ఏం చేశారని అడిగాడు. నువ్వు సైదమ్మతో చెప్పి పంపినట్టే చెప్పాను: బావి దగ్గర అక్షరాలు కిందికి వేసి శాంత దాని మీద బట్టలు ఉతుక్కుంటున్నదని. మొదటిసారిగా వాడికి నిజంగా బాధ కలిగినట్టు కనిపించింది.

మీ ఊరికి తిరిగి వస్తున్న సైదమ్మ చేతికి ఈ ఉత్తరంతో పాటు గొంగళి ఇచ్చి పంపుతున్నాను. బుజ్జికి ఇవ్వు. రేపు తిరిగిస్త అన్న మనిషి కోటు తిరిగి ఇవ్వలేకపోయాడు. వాళ్ళ వస్తువైనా వాళ్ళకు చేరాలి. హర్యాకు మాత్రం, వాళ్ళ అన్న ఆఖరి మాట ఏసుపాదం నోటి నుంచి నేను విన్నాననీ, ఆ మాట చెప్పినప్పుడు వాడి చేతులు కిందనే ఉన్నాయనీ చెప్పు. అంతకంటే హర్యాకు నేను ఇవ్వగలిగింది లేదు, ఆ లోటు నాదే.

ఈ కాగితాలు కాల్చకు. ఏ రోజైనా వాడు తెగించి ఆ సమాధి కాడికి వచ్చి చెవి లాక్కోవడం మొదలుపెడితే, అప్పుడు నీకు పనికి వస్తాయి. అందాక పెట్టె అడుగున, ఆ నీలం దారపు గుండీ పక్కన పెట్టుకో. మత్తయ్య గారికి గాని, పాస్టరు గారికి గాని, ఇక్కడి నా బడిపిల్లలకు గాని చూపకు. సుందరమ్మ టీచరు మెత్తటి మనిషని వాళ్ళు అనుకుంటున్నారు. అనుకోనీ.

నీ వదినె
సుందరమ్మ